రిజిస్టరులో మధ్యలో ఆగిన పేర్లు
రోగుల మనుగడ లెక్కల్లో లేని సమాచారాన్ని ఎట్లా చూడాలి?

మా పెద్దనాయనకు టీబీ వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. వారానికి మూడుసార్లు మండల కేంద్రానికి పోయి, అక్కడి సిబ్బంది కళ్ల ముందే మందు మింగాలి. రెండు నెలలకు దగ్గు తగ్గింది, అప్పు తగ్గలేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు కాబట్టి బొంబాయి మట్టిపనికి పోయిండు. ఆయన చికిత్స కార్డు మీద 'డిఫాల్టర్' అని రాశారు. ఎనిమిది నెలలకు ఎముకల గూడులా తిరిగొచ్చాడు. ఇంకో నెలకు చనిపోయాడు. ఆ సంగతి మా వాడంతటికీ తెలుసు. రిజిస్టరుకు మాత్రం తెలియదు. అందులో ఆయన ఇప్పటికీ చనిపోలేదు, బతికీ లేడు.

చాలా ఏళ్ల తర్వాత యూనివర్సిటీ క్లాసులో 'సర్వైవల్ అనాలిసిస్' అనే పాఠం విన్నప్పుడు నాకు ఆ కార్డే గుర్తొచ్చింది. మధ్యలో కనపడకుండా పోయిన రోగిని లెక్కలో ఏం చేయాలన్నదే ఆ పాఠంలో సగం. ఇది డాక్టర్లకు, గణాంక శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన విషయం అనుకుంటాం. కానీ ఏ మందు పనిచేసింది, ఏ పథకం సఫలమైంది, ఎవరు ఎంతకాలం బతుకుతున్నారు అనే ప్రశ్నలకు ప్రభుత్వం చెప్పే జవాబులు ఈ లెక్క నుంచే వస్తాయి. లెక్కలో ఎవరు లేరో తెలుసుకోకుండా ఆ జవాబులను ప్రశ్నించలేం. అందుకే ఈ విషయాన్ని వీలైనంత తేలిక మాటల్లో చెప్పే ప్రయత్నం ఇది.

లెక్క ఏమిటి?

ఒక ఘటన జరగడానికి ఎంత కాలం పడుతుందో లెక్కించేది సర్వైవల్ అనాలిసిస్. ఆ ఘటన మరణం కావచ్చు, జబ్బు తిరగబెట్టడం కావచ్చు. ఇందులో చిక్కు ఏమంటే, అధ్యయనం ముగిసే నాటికి అందరికీ ఆ ఘటన జరిగి ఉండదు. కొందరు ఇంకా బతికే ఉంటారు. కొందరు మధ్యలోనే కనపడకుండా పోతారు. ఇట్లాంటి వారి కాలాన్ని 'సెన్సార్' అయిందంటారు. సినిమా సెన్సారుతో దీనికి సంబంధం లేదు. 'ఇంతవరకు బతికి ఉన్నాడని తెలుసు, ఆ తర్వాత సంగతి తెలియదు' అని మాత్రమే దాని అర్థం.

పదిమంది రోగులున్నారని అనుకుందాం. ఇది లెక్క కోసం కల్పించిన ఉదాహరణ. అందరినీ ఏడాది పాటు చూశాం. నలుగురు చనిపోయారు: రెండో నెలలో ఒకరు, నాలుగో నెలలో ఒకరు, ఆరో నెలలో ఒకరు, తొమ్మిదో నెలలో ఒకరు. మూడో నెలలో ఒకరు, ఐదో నెలలో ఒకరు, ఏడో నెలలో ఒకరు రావడం మానేశారు. ముగ్గురు ఏడాది చివర కూడా బతికున్నారు. ఏడాది దాటి బతికింది వందకు ఎంతమంది?

రాని ముగ్గురినీ తీసేస్తే మిగిలింది ఏడుగురు, బతికింది ముగ్గురు. జవాబు 43 శాతం. రానివారు బతికే ఉంటారని అనుకుంటే పదిమందిలో ఆరుగురు, 60 శాతం. వాళ్లు చనిపోయినట్టే అనుకుంటే 30 శాతం. రోగులు వాళ్లే, రిజిస్టరు అదే. జవాబు మాత్రం 30 నుంచి 60 దాకా ఊగుతోంది.

ఈ ఊగిసలాటకు 1958లో ఎడ్వర్డ్ కప్లాన్, పాల్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక దారి చూపారు. ప్రతి మరణం దగ్గర ఆగి, ఆ క్షణానికి మన కళ్ల ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. రెండో నెలలో పదిమంది ఉన్నారు, ఒకరు పోయారు, మిగిలింది పదింట తొమ్మిది వంతులు. నాలుగో నెలకు ఎనిమిదిమంది ఉన్నారు, ఒకరు పోయారు, ఎనిమిదింట ఏడు వంతులు. ఆరో నెలకు ఆరుగురిలో ఒకరు, తొమ్మిదో నెలకు నలుగురిలో ఒకరు. ఈ భిన్నాలను వరసగా గుణిస్తే 49 శాతం వస్తుంది. మధ్యలో పోయినవారు ఉన్నన్నాళ్లూ లెక్కలో ఉంటారు, పోయాక లెక్క నుంచి తప్పుకుంటారు. ఎవరినీ పూర్తిగా పారేయలేదు, ఎవరి చావునూ ఊహించలేదు. ఈ పద్ధతి గొప్పదనం అది. ఇవాళ్టికీ వైద్య పత్రికల్లో మెట్లు మెట్లుగా కిందికి దిగే గీత కనిపిస్తే అది దాదాపుగా వీళ్లదే.

లోపల దాగిన షరతు

అయితే ఈ 49 శాతం ఒక షరతు మీద నిలబడి ఉంది. కనపడకుండా పోయినవారికీ, మిగిలి ఉన్నవారికీ అప్పటినుంచి చనిపోయే అవకాశం ఒకటే అయి ఉండాలి. పోవడానికి, చావుకు సంబంధం ఉండకూడదు.

కప్లాన్ ఈ సమస్య దగ్గరికి వచ్చింది ఆసుపత్రి నుంచి కాదు. సముద్రం అడుగున వేసే టెలిఫోన్ తీగల్లోని వాక్యూమ్ ట్యూబులు ఎంతకాలం పనిచేస్తాయో ఆయన లెక్కించేవాడు. మేయర్ రోగుల లెక్కల నుంచి వచ్చాడు. రెండు సమస్యలకూ ఒకే సూత్రం సరిపోయింది. కానీ ట్యూబుకు బస్సు చార్జీ అక్కర్లేదు. ట్యూబు నాట్ల కాలంలో కూలికి పోదు. లోకం ఏమంటుందోనని భయపడి తన జబ్బు దాచిపెట్టదు. పరిశీలన మధ్యలో ఒక ట్యూబును పక్కన పెడితే అది దాని బలహీనతను బట్టి కాదు. మనిషి కనపడకుండా పోవడానికి మాత్రం చాలాసార్లు అతని జబ్బే కారణం, లేదా అతని పేదరికమే కారణం. ఆ రెండూ అతన్ని చావుకు దగ్గర చేసేవే.

మన పదిమందిలో రాని ముగ్గురి ఇళ్లకు పోయి వెతికామనుకుందాం. ఇద్దరు ఆ ఏడాదిలోనే చనిపోయారని, ఒకరు బతికున్నారని తెలిసింది. అప్పుడు బతికింది పదిమందిలో నలుగురు, 40 శాతం. కప్లాన్-మేయర్ చెప్పిన 49 కన్నా తక్కువ. గుణకారంలో తప్పులేదు. షరతు తప్పింది.

వెతికితే ఏం తేలింది?

ఇది ఊహ కాదు. ఉగాండాలోని ఎంబరారాలో ఒక హెచ్ఐవీ చికిత్సా కేంద్రంలో 2004-2007 మధ్య మందులు మొదలుపెట్టిన 3,628 మందిలో 829 మంది కనపడకుండా పోయారు. అందరినీ వెతకడం కుదరదు కాబట్టి పరిశోధకులు వారిలో 128 మందిని నమూనాగా ఎంచుకుని, మనిషిని ఊళ్లకు పంపారు. 111 మంది సంగతి తెలిసింది. అందులో 32 మంది చనిపోయారు. అంటే వందకు దాదాపు 29 మంది. ఎందుకు రాలేదని అడిగితే ప్రధానంగా వచ్చిన జవాబులు: దూరం, దారి ఖర్చు, పని, పిల్లలను చూసుకోవడం. బతికున్నవారిలో నేరుగా మాట్లాడగలిగిన చాలామంది మరో చోట వైద్యం పొందుతున్నారు. ఈ అధ్యయనం రెండు వైపులా పాఠం చెబుతుంది. కనపడనివాళ్లంతా బాగున్నారనుకోవడం తప్పు. కనపడనివాళ్లంతా మందు వదిలేసిన నిర్లక్ష్యపు మనుషులు అనుకోవడం కూడా తప్పే.

2009లో ఇట్లాంటి 17 అధ్యయనాలను కలిపి చూశారు. పేద దేశాల హెచ్ఐవీ కేంద్రాల నుంచి తప్పిపోయి, తర్వాత ఆచూకీ తెలిసినవారిలో సుమారు 40 శాతం చనిపోయి ఉన్నారు. ఒక్కో చోట ఈ సంఖ్య 12 శాతం నుంచి 87 శాతం దాకా మారింది. కాబట్టి ఒక చోట తేలిన సంఖ్యను ఇంకో చోట అతికించడం కుదరదు. ఏ ఊరి సంగతి ఆ ఊళ్లోనే కనుక్కోవాలి.

ఇక్కడ లెక్క సూత్రం సులువు. యాదృచ్ఛికంగా ఎంచుకుని వెతికినవారు, వెతకని మిగతావారికి ప్రతినిధులు. 829 మందికి 111 మంది జవాబు చెబుతున్నారంటే ఒక్కొక్కరు దాదాపు ఏడున్నర మంది బరువు మోస్తున్నారన్నమాట. ఈ పద్ధతిని 'డబుల్ శాంప్లింగ్' అంటారు. దీని గణితాన్ని 2001లో ఫ్రాంగాకిస్, రూబిన్ వివరంగా రాశారు. పెద్ద కంప్యూటర్ కన్నా దీనికి ఒక సైకిలు, ఒక ఓపిక గల మనిషి ఎక్కువ అవసరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో టీబీ నిర్వచనాలు మార్చినప్పుడు 'డిఫాల్ట్' అనే మాట తీసేసి 'లాస్ట్ టు ఫాలో అప్' అని పెట్టింది. వరసగా రెండు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ కాలం చికిత్స ఆగితే ఈ మాట వాడతారు. మొదటి మాట ప్రకారం తప్పు రోగిది. రెండో మాట ప్రకారం మనం అతన్ని పోగొట్టుకున్నాం. లెక్కకు కూడా రెండో మాటే సరైనది. ఎందుకంటే అది 'ఇక మాకు తెలియదు' అని ఒప్పుకుంటుంది.

లేకపోవడంలో మూడు రకాలు

1976లో డొనాల్డ్ రూబిన్ లేని సమాచారాన్ని మూడు రకాలుగా చూడటం నేర్పాడు. వీటి ఇంగ్లీషు పేర్లు తికమక పెడతాయి కాబట్టి ఉదాహరణలతో చూద్దాం.

మొదటిది, 'మిస్సింగ్ కంప్లీట్లీ ఎట్ రాండమ్'. పైకప్పు కారి రిజిస్టరులో కొన్ని పేజీలు తడిసిపోయాయి. ఎవరి పేజీ తడవాలో వాన ఎంచుకోలేదు. అట్లాంటప్పుడు మిగిలిన పేజీలతో లెక్క చేసినా పక్షపాతం రాదు. మనుషులు తగ్గారు కాబట్టి కచ్చితత్వం మాత్రం తగ్గుతుంది.

రెండోది, 'మిస్సింగ్ ఎట్ రాండమ్'. దూరపు ఊళ్ల వాళ్లు ఎక్కువగా మానేశారు. కానీ ఎవరిది ఎంత దూరమో మన దగ్గర రాసి ఉంది. ఒకే దూరంలో ఉన్నవారిలో మానేసినవారికీ వస్తున్నవారికీ జబ్బులో తేడా లేదు. అప్పుడు దారి ఉంది. దూరపు ఊళ్ల నుంచి పదిమంది మొదలై ఐదుగురే మిగిలితే, మిగిలిన ఒక్కొక్కరిని ఇద్దరిగా లెక్కించవచ్చు. ఇట్లా బరువులు వేసే పద్ధతిని జేమ్స్ రాబిన్స్ తదితరులు 1990లలో అభివృద్ధి చేశారు.

మూడోది, 'మిస్సింగ్ నాట్ ఎట్ రాండమ్'. మంచం మీంచి లేవలేనంత జబ్బు చేసింది కాబట్టే రాలేదు. లేదా ఊళ్లో తెలిసిపోతుందని భయపడి రాలేదు. ఈ కారణం ఏ గడిలోనూ లేదు. బరువులు వేసినా దీన్ని సరిచేయలేం.

ఇక్కడ విద్యార్థులు గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. రెండో రకమో మూడో రకమో చేతిలో ఉన్న డేటాను చూసి తేల్చుకోలేం. దానికి కంప్యూటర్లో ఏ పరీక్షా లేదు. ఎందుకంటే తేల్చవలసిన సమాచారమే లేని సమాచారం. మనుషులు ఎందుకు రాలేదో తెలిసినవాళ్లను అడగాలి. ఆ తెలిసినవాళ్లు ఆశా కార్యకర్త, వాడలోని ఆడవాళ్లు, కూలి మేస్త్రీ, పక్క మంచం రోగి. వాళ్ల మాటను మన చదువుల్లో 'ముచ్చట' అని కొట్టిపారేస్తారు. ఈ లెక్కలో మాత్రం అదే అసలు ఆధారం. ఏ షరతు నిలుస్తుందో, ఏది నిలవదో అక్కడే తెలుస్తుంది.

ఖాళీ గడులు

ఇంతవరకు ముగింపు తెలియని రోగుల గురించి చెప్పుకున్నాం. ఇంకో రకం లేమి ఉంది. మనిషి ముగింపు తెలుసు, కానీ అతని గురించిన గడులు ఖాళీ. జబ్బు ఏ దశలో ఉందో రాయలేదు. రక్త పరీక్ష చేయించలేదు. ఏం పని చేస్తాడో అడగలేదు.

మామూలుగా చేసేది, ఒక్క గడి ఖాళీ ఉన్నా ఆ మనిషిని మొత్తంగా తీసేయడం. సాఫ్ట్‌వేర్ చాలాసార్లు మనకు చెప్పకుండానే ఈ పని చేస్తుంది. 1972లో డేవిడ్ కాక్స్ ఇచ్చిన నమూనాలో ఆరేడు గడులు కలిపి చూస్తే, ఒక్కో గడిలో కొద్దికొద్ది ఖాళీలున్నా చివరికి మూడో వంతు మనుషులు మాయమైపోవచ్చు. పరీక్షకు డబ్బులేనివాళ్లే ఎక్కువగా పోతారు. ఇంకో అలవాటు, ఖాళీలన్నింటిలో సగటు రాయడం. దానివల్ల తెలియనిది తెలిసినట్టు నటిస్తాం. 'తెలియదు' అనే ఒక కొత్త వర్గం పెట్టి నమూనాలో కలిపేయడం కూడా తప్పుడు జవాబులకు దారితీస్తుంది.

దీనికన్నా మెరుగైనది 'మల్టిపుల్ ఇంప్యుటేషన్'. రూబిన్ 1987లో దీని మీద పుస్తకమే రాశాడు. తెలిసిన గడుల ఆధారంగా ఖాళీలో ఏముండవచ్చో అంచనా వేసి నింపాలి. ఒకసారి కాదు, ఇరవై సార్లో అంతకన్నా ఎక్కువసార్లో, కొద్ది తేడాలతో. ప్రతిసారీ వేరుగా లెక్క చేసి చివరకు జవాబులను కలపాలి. ఆ ఇరవై జవాబుల మధ్య తేడా ఎంత ఉంటే మన అజ్ఞానం అంత అని ఒప్పుకున్నట్టు. మనుగడ లెక్కల్లో ఇంకో జాగ్రత్త ఉంది. ఖాళీలు నింపేటప్పుడు ఆ మనిషి చనిపోయాడా లేదా, అప్పటివరకు పోగైన ప్రమాదం ఎంత అన్నవి కూడా వాడాలని వైట్, రాయ్‌స్టన్ 2009లో చూపారు. అది వాడకుండా నింపితే కారణానికీ చావుకూ ఉన్న సంబంధం పలచబడిపోతుంది. పేదరికం చంపుతోందన్న నిజం లెక్కలో సగానికి తగ్గి కనిపించవచ్చు.

ఇక అసలు పెట్టని గడి గురించి. మన దగ్గర మరణాన్ని నమోదు చేసే ఫారంలో మతం అడుగుతారు, కులం అడగరు. ఆసుపత్రి కేసు షీట్లలో సాధారణంగా కులం గడే ఉండదు. లేని గడిని ఏ ఇంప్యుటేషనూ నింపలేదు. ఇంటిపేరు చూసి కులం ఊహించి నింపడం ప్రమాదకరం, అన్యాయం కూడా. గడి ఉన్నచోట కూడా చెప్పడానికి వెనకాడేది ఎవరు? చెబితే చులకనగా చూస్తారని భయపడేవాళ్లే కదా. అది మూడో రకం లేమి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దళిత క్రైస్తవుల సంగతి ఇంకో తీరు. కాగితం మీద వాళ్లు బీసీ-సీ. గడి నిండింది, మనిషి వేరే వరసలో పడ్డాడు.

మనం చెప్పే సంఖ్య కూడా

ఇతరుల లెక్కలను విమర్శించేటప్పుడు మన లెక్కలను కూడా చూసుకోవాలి. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కన్నా 14.6 ఏళ్లు ముందే చనిపోతుందని మనం సభల్లో చెబుతుంటాం. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదికలో ఈ మాట వచ్చింది: 39.5 ఏళ్లు, 54.1 ఏళ్లు. కానీ ఇవి చనిపోయినవారి వయసుల సగటు. బతికున్నవారు ఆ లెక్కలో లేరు. మన పదిమంది ఉదాహరణలో బతికున్న ముగ్గురినీ పారేసి, చనిపోయిన నలుగురి నెలలను కూడి సగటు తీసినట్టు. పైగా ఏ సమూహంలో పిల్లలు, యువకులు ఎక్కువగా ఉంటే అక్కడ చావుల సగటు వయసు దానంతటదే తక్కువగా వస్తుంది. ప్రతి వయసులోనూ చనిపోయే అవకాశం సమానంగా ఉన్నా సరే తక్కువే వస్తుంది. కాబట్టి 14.6 ఏళ్లను ఆయుర్దాయపు తేడా అనడం సరికాదు.

అయితే తేడా లేదా? ఉంది. బతికున్నవారిని కూడా కలిపి, వయసు వారీగా మరణ రేట్లు కట్టి చేసిన లెక్క 2022లో వచ్చింది. వ్యాస్, హథి, గుప్తా అనే ముగ్గురు తొమ్మిది రాష్ట్రాల వార్షిక ఆరోగ్య సర్వేను వాడారు. అగ్రకుల హిందువుల కన్నా ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ అని తేలింది. ఉత్తరప్రదేశ్, బీహార్, ఒడిశా, అస్సాం వంటి రాష్ట్రాలవి ఈ అంకెలు. మన రెండు రాష్ట్రాలు ఆ సర్వేలో లేవు.

మూడేళ్లు చిన్న సంఖ్య అని బాధపడనక్కర్లేదు. కోట్లాది మందిలో ఒక్కొక్కరికీ మూడేళ్లు. 14.6ను ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో పడగొట్టగలడు. అది పడితే దాని వెనక ఉన్న నిజం కూడా పడినట్టు ప్రచారం చేస్తాడు. లెక్క తెలిసినవాళ్లం మనమే ఆ ప్రశ్న ముందుగా వేసుకోవాలి.

ఏం అడగాలి, ఏం చేయాలి?

ఏదైనా నివేదికలో 'ఇంతమంది బతికారు', 'ఇంతమందికి నయమైంది' అని కనిపిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. మొదట ఎంతమంది మొదలయ్యారు, చివరికి లెక్కలో ఎంతమంది మిగిలారు? తప్పిపోయినవారు ఏ ఊరివాళ్లు, ఏ పనివాళ్లు? వారిలో కొందరినైనా వెతికారా? వాళ్లంతా చనిపోయారనుకుంటే జవాబు ఎంత మారుతుంది, బతికున్నారనుకుంటే ఎంత మారుతుంది?

చివరి ప్రశ్న సాధారణ కూడికలతో చేయవచ్చు. మన ఉదాహరణలో 30 నుంచి 60 అని తేలింది కదా, అదే. పరిశోధక విద్యార్థులు ఇంకో అడుగు వేయాలి. తప్పిపోయినవారి మరణ ప్రమాదం మిగతావారికన్నా రెండింతలు, మూడింతలు ఉందనుకుని మళ్లీ మళ్లీ లెక్క చేయాలి. ఎక్కడ మన ముగింపు తలకిందులవుతుందో ఆ సంఖ్యను దాచకుండా రాయాలి.

సర్వేలకు పోయే మిత్రులకు ఒక మాట. ఇల్లు తాళం వేసి ఉంటే 'లేరు' అని రాసి ముందుకు పోకండి. పక్కింట్లో అడగండి. ఎక్కడికి పోయారు, ఎప్పుడు పోయారు, ఎందుకు పోయారు అని మూడు ముక్కలు రాసుకోండి. ఆ మూడు ముక్కలు లేక మా పెద్దనాయన ఒక పథకం నివేదికలో మందులు మానేసిన మనిషిగా మిగిలిపోయాడు. ఆ రోజు ఎవరైనా మా ఇంటికి వచ్చి అడిగి ఉంటే మా పెద్దమ్మ చెప్పేది: "మానెయ్యలే సారూ, పనికి పోయిండు."